నాన్చే నాయకుణ్ణి కదిలించడం ఎలా? గెలిపించినవాళ్ళ కోసం

ఎన్నికల్లో ఎండనపడి తిరిగినవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. ఇల్లిల్లూ తిరిగి, చుట్టాలతో మాటామాటా అనుకుని, వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పన్నెండు దాకా వాదించి ఒక నాయకుణ్ణి గెలిపిస్తాం. మన మాటలే ఆయన నోట వినిపిస్తున్నాయి కదా, ఇక పనులు అవుతాయి అనుకుంటాం. ఆర్నెల్లు తిరిగేసరికి "చూద్దాం", "కమిటీ వేశాం", "ఖజానా పరిస్థితి మీకు తెలుసు కదా" మొదలవుతుంది. అప్పుడు మనలో కొందరు అలిగి ఇంట్లో కూర్చుంటారు, కొందరు అందరూ దొంగలే అనేసి రాజకీయాల జోలికే పోనంటారు, ఇంకొందరేమో "మీరు నోరెత్తితే అవతలివాళ్ళకి లాభం" అని మనల్నే కసురుతారు. ఈ మూడు దారుల్లో ఏ దారిన పోయినా పని జరగదు, నేను మూడూ చేసి చూశాను.

ముందు ఒక విషయం తేల్చుకోండి. మోసం చేసేవాడు వేరు, వెనకాడేవాడు వేరు. మాట ఇచ్చినప్పుడే చేసే ఉద్దేశం లేనివాణ్ణి వచ్చే ఎన్నికల్లో ఓడించడమే మార్గం, ఈ గైడ్ వాళ్ళ గురించి కాదు. వెనకాడేవాడికి చేయాలనే ఉంటుంది, కానీ ఆర్థిక శాఖ ఏమంటుందో, పెద్ద రైతులు ఏమంటారో, కాంట్రాక్టర్లు ఏమంటారో, పేపర్లో ఏం వస్తుందో అని రోజూ లెక్క వేసుకుంటూ ఉంటాడు. ఆ లెక్కలో మన పేరు ఉండదు. ఎందుకంటే మనం ఎలాగూ ఆయనకే వేస్తామని ఆయనకి తెలుసు. చేయాల్సిందల్లా ఆ లెక్కలోకి మనం ఎక్కడం.

ఇది ఊరికే చెప్పడం లేదు, మన దేశంలోనే జరిగిన కథ ఉంది. 2004లో కాంగ్రెస్‌కి లోక్‌సభలో 145 సీట్లు వచ్చాయి, వామపక్షాలు 60 మంది దాకా ఎంపీలతో బయటి నుంచి మద్దతిచ్చాయి, మన్మోహన్ సింగ్ ప్రధాని అయ్యారు. ఆయన స్వభావరీత్యా ఆచితూచి అడుగేసే మనిషి. ఏడాదికి కనీసం 100 రోజుల పని హామీ ఇస్తూ వెంటనే చట్టం తెస్తామని ఆ ప్రభుత్వం కనీస ఉమ్మడి కార్యక్రమంలో రాసుకుంది, గ్రామాలతో పాటు పట్టణ పేదలకి కూడా అని. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటుకి వచ్చిన బిల్లు చూసి ఉద్యమాల్లో ఉన్నవాళ్ళు తెల్లబోయారు. పట్టణాలు పోయాయి. గ్రామాల్లో కూడా దారిద్య్రరేఖకి దిగువన ఉన్న కుటుంబాలకే అన్నారు. దేశమంతటికీ ఎప్పటికి విస్తరిస్తారో గడువు లేదు, ప్రభుత్వం అనుకుంటే ఎక్కడైనా ఆపేయొచ్చు. హామీ అనే పేరు తప్ప అందులో హామీ లేదు.

వాళ్ళు అలగలేదు. సామాజిక కార్యకర్త అరుణా రాయ్, ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ లాంటివాళ్ళు సోనియా గాంధీ అధ్యక్షతన ఉన్న జాతీయ సలహా మండలిలో లోపల కూర్చుని ముసాయిదా మీద పట్టుబట్టారు. వామపక్ష ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టారు. 2005 వేసవిలో ఉపాధి హక్కు కోసం ఒక బస్సు యాత్ర దాదాపు యాభై రోజుల పాటు పది రాష్ట్రాల్లో తిరిగింది. ప్రభుత్వాన్ని దించాలని ఆ యాత్రలో ఎవరూ అడగలేదు, నువ్వు రాసుకున్న మాటే మాకు చట్టం చేసిపెట్టు అన్నారు. ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో గ్రామీణ కుటుంబాలన్నీ వచ్చాయి, ఐదేళ్ళలోపు దేశమంతటికీ విస్తరించాలని వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని ప్రారంభించింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నాటికి దేశమంతా.

ఇప్పుడు ఆ "అవతలివాళ్ళకి లాభం" వాదన సంగతి చూడండి. సొంతవాళ్ళే అంత ఒత్తిడి పెట్టిన ఆ ప్రభుత్వం 2009లో ఓడిపోలేదు, కాంగ్రెస్ 206 సీట్లతో తిరిగి వచ్చింది. దానికి ఉపాధి పథకం ఒక్కటే కారణం అని నేను అనను, కానీ ఒత్తిడి పెట్టడం వల్ల ప్రభుత్వం బలహీనపడుతుందనే మాటకి మాత్రం ఇది గట్టి జవాబు. చేతిలో చూపించుకోవడానికి ఏమీ లేకుండా ఐదేళ్ళ తర్వాత ఓటర్ల ముందుకి వెళ్ళే నాయకుడే అవతలివాళ్ళకి అసలు లాభం. మిమ్మల్ని ఎవరైనా ఈ మాటతో నోరు మూయించబోతే గొడవపడకండి, ఈ రెండు సంఖ్యలు, 145, 206, చెప్పండి.

ఇక చేసే పద్ధతికి వద్దాం.

ఒక్కటే అడగండి

నా సొంత తప్పు నుంచే మొదలుపెడతాను. మేము పని చేసిన అభ్యర్థి గెలిచాక, పది పన్నెండు మంది కలిసి వినతిపత్రం పట్టుకెళ్ళాం. అందులో పదకొండు డిమాండ్లు. చెరువు దగ్గర నుంచి లైబ్రరీ దాకా అన్నీ ఉన్నాయి. ఆయన నవ్వుతూ తీసుకున్నారు, పక్కనున్న పీఏకి ఇచ్చారు, టీ ఇచ్చారు, ఫోటో దిగాం, అది మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. అంతే, ఇంకేమీ జరగలేదు. పదకొండు అడిగితే అందులో అన్నిటికంటే తేలికైనది ఆయనే ఏరుకుంటాడు, లేదా ఏదీ ఏరుకోడు, ఏది చేయలేదని నిలదీయాలో మనకే తెలియదు.

రెండోసారి ఒక్కటే పట్టుకున్నాం. మండల కేంద్రంలో బీసీ బాలికల హాస్టల్ అద్దె ఇంట్లో నడుస్తోంది, వందమందికి పైగా పిల్లలు, బాత్రూమ్‌లు చాలక తెల్లవారుజామున మూడున్నరకే లేచి వరసలో నిలబడుతున్నారు. సొంత భవనం కట్టాలి. మేనిఫెస్టోలో అద్దె హాస్టళ్ళ గురించి ఉన్న పేజీ జిరాక్స్ తీసి పైన పెట్టాం, కింద ఒక్క వాక్యం రాశాం. కాగితం చదవడానికి ఆయనకి అర నిమిషం పట్టింది, చదివాక "చూద్దాం" అనడానికి మాత్రం కొంచెం ఇబ్బంది పడ్డారు. ఆ ఇబ్బందే మనకి కావలసింది.

ఎక్కడ ఆగిందో ఆయనకంటే మీకే బాగా తెలియాలి

ఏ పనైనా నాలుగు చోట్లలో ఒకచోట ఆగుతుంది: చట్టం కావాలి, జీవో కావాలి, డబ్బు కావాలి, లేదా ఇవన్నీ ఉన్నా కింది ఆఫీసులో ఎవరూ ఫైలు ముట్టుకోవడం లేదు. మా హాస్టల్ విషయంలో స్థలం రెండేళ్ళ క్రితమే కేటాయించి ఉంది, ఎస్టిమేట్ కూడా వేశారు, అది ఇంజనీరింగ్ విభాగం నుంచి సంక్షేమ శాఖకి వెళ్ళే దారిలో ఆగిపోయింది. ఈ సంగతి ఎమ్మెల్యేకి తెలియదు. మేము సమాచార హక్కు కింద అడిగి తెలుసుకున్నాం.

సమాచార హక్కు దరఖాస్తు భయపడాల్సిన పనేమీ కాదు. తెల్లకాగితం మీద రాస్తే చాలు. మన రాష్ట్రాల్లో మొదటినుంచీ ఉన్న నియమాల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు కట్టలేదు" అని అడగకండి, దానికి జవాబు రాదు. "ఈ పని మీద వేసిన ఎస్టిమేట్ నకలు, ఆ ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్ళిందో చూపే నోట్‌ఫైలు నకలు ఇవ్వండి" అని అడగండి.

ఇలా చదువుకుని వెళ్ళడం ఎందుకంటే, నాన్చే నాయకుడి దగ్గరుండే పెద్ద ఆయుధం "నా చేతుల్లో లేదు" అనే మాట. అమెరికాలో ఒబామా కూడా అదే అన్నారు. చిన్నప్పుడే తల్లిదండ్రులతో వచ్చి కాగితాలు లేకుండా పెరిగిన పిల్లల్ని దేశం నుంచి పంపేయడం ఆపమంటే, అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) చట్టం చేయకుండా నా ఒక్క ఉత్తర్వుతో అది కుదరదని 2011లో చెప్పారు. ఆ యువతీయువకులు ఊరుకోలేదు. 2012 మే నెలలో తొంభైమందికి పైగా న్యాయశాస్త్ర ఆచార్యులు అధ్యక్షుడికి ఏయే అధికారాలున్నాయో వివరిస్తూ లేఖ రాశారు. జూన్ మొదట్లో డెన్వర్‌లోని ఒబామా ఎన్నికల ప్రచార ఆఫీసులోనే ఇద్దరు కూర్చుని నిరాహార దీక్ష చేశారు, వాళ్ళని పట్టుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉండి కూడా. జూన్ 15న ఆయనే డాకా ప్రకటించారు, అంటే అలాంటివాళ్ళని పంపేయడం వాయిదా వేసి, పని చేసుకోనిచ్చే పథకం. ఆ నవంబర్‌లో ఎన్నికలు, లాటినో ఓట్లు కావాలి, అది కూడా లెక్కలో ఉంది. అవకాశవాదం అంటారా, అననివ్వండి, అది లక్షల మంది పిల్లలకి పని చేసుకునే హక్కు ఇచ్చింది.

అక్కడి మన తెలుగు కుటుంబాలు ఒకటి గమనించాలి. హెచ్‌1బీ మీద వెళ్ళినవాళ్ళ పిల్లలకి డాకా వర్తించలేదు, ఎందుకంటే ఆ తేదీ నాటికి చట్టబద్ధమైన హోదా లేనివాళ్ళకే అది. 21 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ పోయే పిల్లలు ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఉన్నారు. అడిగినవాళ్ళకి వచ్చింది. పౌరసత్వం వచ్చి ఓటు ఉన్న తెలుగువాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, వాళ్ళు ఈ ఒక్క డిమాండ్ పట్టుకుని తిరగాలని నా కోరిక.

బూత్ లెక్క చేతిలో పెట్టుకోండి

మన మాటకి బరువు రావాలంటే మనవల్ల ఎన్ని ఓట్లు పడ్డాయో చూపించగలగాలి. ఇది చాలామందికి తెలియదు, ప్రతి నియోజకవర్గానికీ ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే పట్టిక ఉంటుంది, ఫారం 20 అంటారు, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీరు తిరిగిన బూత్‌లు తీయండి, అంతకు ముందు ఎన్నికల సంఖ్యలు పక్కన పెట్టండి, మొత్తం మెజారిటీ ఎంతో చూడండి. రెండువేల మెజారిటీతో గెలిచినాయన దగ్గరికి "ఈ ఆరు బూత్‌లలో పోయినసారి కంటే పన్నెండు వందలు ఎక్కువ వచ్చాయి, ఈ ఆరు ఊళ్ళ పిల్లలే ఆ హాస్టల్‌లో ఉన్నారు" అని వెళ్ళారనుకోండి, బెదిరించక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు. ముఖ్యమంత్రి స్థాయి విషయమైతే ఇదే పని జిల్లాల వారీగా, పది నియోజకవర్గాల మిత్రులతో కలిసి చేయాలి. ఒక్క ఎమ్మెల్యే చెప్తే ముఖ్యమంత్రి వినకపోవచ్చు, ఒకే వారంలో పదిమంది ఎమ్మెల్యేలు ఒకే మాట చెప్తే వినక తప్పదు.

వెళ్ళేటప్పుడు ఎవరు మాట్లాడతారనేది కూడా ముందే అనుకోండి. మనలాంటి చదువుకున్న కార్యకర్తలు నలుగురు వెళ్ళి ఉపన్యాసం ఇస్తే ఏ నాయకుడికైనా విసుగే. ఆ హాస్టల్ పిల్ల తల్లి మాట్లాడాలి. కూలి పని మానుకుని వస్తుంది కాబట్టి ఆ రోజు కూలి మనం చందా వేసుకుని ఇవ్వాలి, ఇది మర్చిపోకండి.

వేళ చూసుకోండి

మొదటి ఏడాది, ఏడాదిన్నరలో అడిగింది జరిగే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ఆయన చుట్టూ కొత్త మనుషులు చేరతారు, వాళ్ళ పనులు ముందుకొస్తాయి, మనకి ఫోన్ ఎత్తడం తగ్గుతుంది. డబ్బుతో ముడిపడిన విషయమైతే బడ్జెట్ రోజుల్లో ధర్నా చేసి లాభం లేదు, బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది, శాఖలు తమ ప్రతిపాదనలు అంతకు రెండు మూడు నెలల ముందే పంపేస్తాయి. దసరా అయిన దగ్గర నుంచి శాఖల వెంట పడాలి. అసెంబ్లీ సమావేశాల ముందు మీ ఎమ్మెల్యేతోనో, లేదా ప్రతిపక్షంలో మంచివాడు అనుకున్న ఎమ్మెల్యేతోనో ప్రశ్న వేయించండి, లిఖితపూర్వక జవాబు వస్తుంది, అది రికార్డు. స్థానిక ఎన్నికలు దగ్గరపడ్డప్పుడు పార్టీ వాళ్ళే మీ ఇంటికి వస్తారు, ఆ నెల రోజులు వృథా చేసుకోకండి.

మెట్టు మెట్టుగా ఎక్కండి, తేదీ చెప్పి ఎక్కండి

నేరుగా ధర్నాతో మొదలుపెట్టకండి. ముందు లేఖ, తర్వాత ముఖాముఖి, తర్వాత తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇచ్చి రశీదు తీసుకోవడం, ఆ తర్వాత ప్రెస్‌మీట్, ఆ తర్వాతే రోడ్డు. ప్రతి మెట్టు దగ్గరా "ఫలానా తేదీలోగా జవాబు రాకపోతే ఫలానాది చేస్తాం" అని రాసివ్వండి, ఆ తేదీ దాటితే కచ్చితంగా చేయండి. ఒక్కసారి తేదీ తప్పితే ఇక మీ మాటకి విలువ ఉండదు. అందుకే చేయలేనిది చెప్పకండి. యాభైమందే వస్తారనుకుంటే యాభైమందితో చేసేదే చెప్పండి.

ఇంతకంటే గట్టిగా తేదీ చెప్పిన మనిషి గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 1941లో అమెరికాలో నల్లజాతి కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, రక్షణ ఫ్యాక్టరీల్లో నల్లవాళ్ళకి ఉద్యోగాలివ్వకపోతే జులై 1న వాషింగ్టన్‌లో లక్షమందితో ఊరేగింపు అన్నారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి నల్లజాతి ఓటర్లు పెద్ద ఎత్తున ఓటేసినవాళ్ళే, ఆయనేమో దక్షిణాది సొంత పార్టీ వాళ్ళకి భయపడి నాన్చుతున్నారు. ఊరేగింపుకి వారం ముందు, జూన్ 25న, ఆ ఫ్యాక్టరీల్లో వివక్ష నిషేధిస్తూ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. రాండాల్ఫ్ ఊరేగింపు ఆపారు కానీ ఉద్యమాన్ని ఆపలేదు. సైన్యంలో తెల్లవాళ్ళకి, నల్లవాళ్ళకి వేరు వేరు దళాలు ఎత్తేయాలన్న రెండో డిమాండ్ అప్పుడు నెరవేరలేదు. దానికోసం ఇంకో ఏడేళ్ళు వెంటపడితే 1948లో తర్వాతి అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టారు.

రోడ్డెక్కడం అంటే ద్రోహం అనుకునేవాళ్ళు కంచ గచ్చిబౌలిని గుర్తు చేసుకోండి. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. అక్కడి కాంగ్రెస్ ప్రభుత్వానికి ఓటేసిన నాలాంటివాళ్ళకి అది పెద్ద దెబ్బ. విద్యార్థులు లాఠీలకి ఎదురు నిలబడ్డారు, కొందరు కోర్టుకి వెళ్ళారు, నెమళ్ళ అరుపులు, జింకల వీడియోలు దేశమంతా తిరిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అక్కడ మెట్లు ఎక్కడానికి టైమ్ లేదు, చెట్లు కూలిపోతున్నాయి. తిరిగి సరిదిద్దలేని నష్టం జరుగుతున్నప్పుడు నేను చెప్పిన వరస పక్కన పెట్టి అన్నీ ఒకేసారి చేయాలి.

చేయకూడనివి

నాయకుడి కులం, కుటుంబం, ఆరోగ్యం ఎత్తకండి. ఒక్క బూతు కామెంట్ చాలు, ఆ సాయంత్రం టీవీలో చర్చ అంతా దాని మీదే నడుస్తుంది, హాస్టల్ పిల్లలు వెనక్కి పోతారు.

నామినేటెడ్ పదవుల సంగతి ముందే మాట్లాడుకోండి. మనలో బాగా మాట్లాడేవాళ్ళకి ఏదో కార్పొరేషన్ డైరెక్టర్ పదవో, కమిటీ సభ్యత్వమో వస్తుంది. తీసుకోవడం తప్పు అని నేననను, సలహా మండలిలో కూర్చున్నవాళ్ళ వల్ల కూడా ఉపాధి చట్టం గట్టిపడింది. కానీ లోపలికి వెళ్ళినవాళ్ళు ఇక బయటి గ్రూపు తరఫున మాట్లాడకూడదు, బయటివాళ్ళు లోపలివాళ్ళ మొహమాటానికి లొంగకూడదు. ఈ రెండు ముక్కలు మొదటి మీటింగ్‌లోనే మినిట్స్‌లో రాసుకోండి. మేము రాసుకోలేదు, ఇద్దరు మంచి స్నేహితులం మాట్లాడుకోవడం మానేశాం.

ప్రతిపక్షం మీ టెంట్‌లోకి వస్తానంటుంది. మద్దతు ఇస్తే ఉత్తరం తీసుకోండి, మైకు మాత్రం ఇవ్వకండి.

సగం వస్తే ఏం చేయాలి, అంతా వస్తే ఏం చేయాలి

సగం వస్తే తీసుకోండి, సభ పెట్టి ధన్యవాదాలు చెప్పండి, మనస్ఫూర్తిగా చెప్పండి. భయపడుతూ అడుగేసిన నాయకుడికి ఆ అడుగువల్ల నాలుగు మంచి మాటలు దక్కకపోతే రెండో అడుగు వేయడు. అదే సభలో మిగిలిన సగం కూడా చదివి వినిపించండి.

అంతా వచ్చినా కాపలా మానకూడదు. సమాచార హక్కు చట్టమే చూడండి. రాజస్థాన్ పల్లెల్లో కూలీలు, రైతులు "మా డబ్బు, మా లెక్క" అని మొదలుపెట్టి, 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేసి, దేశమంతా కదిలిస్తే, 2005 అక్టోబర్ 12న చట్టం అమల్లోకి వచ్చింది. ఏడాది తిరగకముందే, 2006 జులైలో, అదే మన్మోహన్ ప్రభుత్వ క్యాబినెట్ నోట్‌ఫైళ్ళని చాలావరకు చట్టం పరిధి నుంచి తప్పించే సవరణకి ఒప్పుకుంది. చట్టం కోసం పోరాడినవాళ్ళు ఇంకా చెదిరిపోలేదు కాబట్టి వెంటనే వీధుల్లోకి వచ్చారు, అన్నా హజారే నిరాహార దీక్షకి కూర్చున్నారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పైన నేను చెప్పిన "నోట్‌ఫైలు నకలు" ఇవాళ మీరు అడగగలుగుతున్నారంటే ఆ నెల రోజుల పోరాటమే కారణం. 2019లో ఇంకో ప్రభుత్వం సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతాలు తన చేతుల్లోకి తెచ్చుకునే సవరణ తెచ్చినప్పుడు కూడా నిరసనలు జరిగాయి, కానీ అప్పుడు ఆపలేకపోయాం.

మా హాస్టల్ సంగతి చెప్పి ముగిస్తాను. పద్నాలుగు నెలలు పట్టింది. నాలుగు లేఖలు, రెండు సమాచార హక్కు దరఖాస్తులు, ఒక అసెంబ్లీ ప్రశ్న, తల్లులంతా కలిసి ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు ఒక పూట కూర్చోవడం. శంకుస్థాపన రోజు ఆయనే ఫోన్ చేసి పిలిచారు, వెళ్ళాం, పూలదండ వేశాం. ఇప్పుడు పిల్లర్లు లేచాయి. పోయిన వారం సవరించిన ఎస్టిమేట్ నకలు వచ్చింది, బాత్రూమ్‌ల సంఖ్య ఇరవై నుంచి పన్నెండుకి తగ్గించారు. వచ్చే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్తున్నాం, ఈసారి కూడా కాగితం మీద ఒక్క వాక్యమే ఉంది.